అప్‌డేట్‌లో "ఎన్విడియా తీసేసి ఎన్విడియా-ఓపెన్ పెట్టమంటావా" అని పాక్‌మ్యాన్ అడుగుతోంది, వై కొట్టాలా ఎన్ కొట్టాలా?

గోదారిగట్టు · డిసెంబర్ 22, సాయంత్రం

అందరికీ నమస్తే. ఆర్చ్ లైనక్స్ వాడుతున్నా, డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మా, మామూలు లైనక్స్ కెర్నల్, కార్డు పాతదే, జీటీఎక్స్ 1060. ఇవాళ సిస్టమ్ అప్‌డేట్ చేద్దామని ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్ పాక్‌మ్యాన్‌తో సుడో పాక్‌మ్యాన్ -ఎస్‌వైయు కొడితే ఎప్పుడూ వచ్చే ప్యాకేజీల లిస్టు కంటే ముందే ఒక ప్రశ్న వచ్చి ఆగిపోయింది:

:: రీప్లేస్ ఎన్విడియా విత్ ఎక్స్‌ట్రా/ఎన్విడియా-ఓపెన్? [వై/ఎన్]

ఇలాంటి ప్రశ్న ఇంతకుముందు కూడా ఒకట్రెండు సార్లు వచ్చింది కానీ అవన్నీ ఏదో లైబ్రరీ పేరు మారడం లాంటివి, ఎంటర్ కొడితే అయిపోయేవి. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్ కదా అని కంట్రోల్-సీ కొట్టి బయటికొచ్చా. కెడెన్‌లైవ్‌లో ఒక పెళ్ళి వీడియో ఎడిటింగ్ మధ్యలో ఉంది, వాళ్ళకి ఈ వారంలోనే ఇవ్వాలి, ఇప్పుడు స్క్రీన్ పోతే నాకు అస్సలు కుదరదు. ఓపెన్ అంటే నూవో (ఎన్విడియా కార్డులకి కమ్యూనిటీ వాళ్ళు రాసిన ఓపెన్ సోర్స్) డ్రైవరా, వేరేదా? వై కొడితే ఏమవుతుంది, ఎన్ కొడితే ఏమవుతుంది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

బెజవాడ_బాష్ · డిసెంబర్ 22

వై కొట్టెయ్ బ్రో. డిఫాల్టే వై. నాది ఆర్‌టీఎక్స్ 3060, నిన్న రాత్రి ఇదే ప్రశ్న వచ్చింది, ఎంటర్ కొట్టి రీబూట్ చేశా, అంతా నీట్‌గా ఉంది. నూవో కాదు ఇది, ఎన్విడియా వాళ్ళదే, కెర్నల్ మాడ్యూల్ ఒక్కటే ఓపెన్ సోర్స్.

కెర్నల్_కాకా · డిసెంబర్ 22

ఆగు తమ్ముడూ, నువ్వు వై కొట్టకు. బాష్ చెప్పింది అతని కార్డుకి కరెక్టే, నీ కార్డుకి కాదు.

ఆర్చ్ హోమ్‌పేజీలో డిసెంబర్ 20న దీని గురించి వార్త పెట్టారు, ముందు అది చదువు. ఎన్విడియా డ్రైవర్ 590 వచ్చింది, అందులో పాస్కల్ కార్డులకి, అంటే నీ 10 సిరీస్‌కి, అంతకన్నా పాతవాటికి సపోర్ట్ తీసేశారు. దాంతోపాటే ఆర్చ్ వాళ్ళు మెయిన్ ప్యాకేజీల్ని ఓపెన్ కెర్నల్ మాడ్యూల్స్‌కి మార్చారు, ఎన్విడియా స్థానంలో ఎన్విడియా-ఓపెన్, ఎన్విడియా-డీకేఎంఎస్ స్థానంలో ఎన్విడియా-ఓపెన్-డీకేఎంఎస్, ఎన్విడియా-ఎల్‌టీఎస్ స్థానంలో ఎన్విడియా-ఎల్‌టీఎస్-ఓపెన్. ఈ ఓపెన్ మాడ్యూల్ పనిచెయ్యాలంటే కార్డులోనే జీఎస్‌పీ అని ఒక చిన్న ప్రాసెసర్ ఉండాలి. అది ట్యూరింగ్ నుంచి, అంటే జీటీఎక్స్ 16 సిరీస్, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ నుంచి మాత్రమే ఉంది. నీ 1060లో లేదు. వై కొడితే అప్‌గ్రేడ్ ఒక్క ఎర్రర్ కూడా లేకుండా చక్కగా అయిపోతుంది, రీబూట్ చేశాక మాడ్యూల్ కార్డుని పట్టుకోదు, ప్లాస్మా రాదు.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే పాక్‌మ్యాన్‌కి నీ మెషీన్‌లో ఏ కార్డు ఉందో తెలీదు. దానికి తెలిసింది ప్యాకేజీ పేర్లు, వెర్షన్లు, ఏది దేని మీద ఆధారపడింది అన్నది, అంతే. "దీని బదులు అది" అని రిపోలో రాసి ఉంది కాబట్టి నిన్ను అడిగింది. నీకు సరిపోతుందా లేదా అన్న లెక్క నువ్వు చెయ్యాల్సిందే, అప్‌గ్రేడ్ మొత్తంలో అలవాటుగా ఎంటర్ కొట్టకూడని ప్రశ్న ఇది.

బెజవాడ_బాష్ · డిసెంబర్ 22

థ్యాంక్స్ కాకా, 10 సిరీస్ పోయిందన్న సంగతి నాకు తెలీదు. గోదారి బ్రో, కాకా చెప్పినట్టు చెయ్.

పెంగ్విన్_పిల్ల · డిసెంబర్ 22

కాకా గారూ, నాది ల్యాప్‌టాప్ అండీ, ఎంఎక్స్ 250. అది 10 సిరీస్ కాదు కదా, 2019లో కొన్నది, నేను వై కొట్టొచ్చా? ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ కూడా అప్పటికే వచ్చేసింది కదా అని అడుగుతున్నా.

కెర్నల్_కాకా · డిసెంబర్ 22

మంచి ప్రశ్న అడిగావమ్మా, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కొన్న సంవత్సరం చూసి, డబ్బా మీద నంబర్ చూసి చెప్పలేం. ఎంఎక్స్ 150, 250, 330, 350 ఇవన్నీ లోపల పాస్కలే. ఎంఎక్స్ 450 దగ్గరికొచ్చాకే ట్యూరింగ్. మన దగ్గర స్టూడెంట్ల ల్యాప్‌టాప్‌లలో ఈ ఎంఎక్స్ చిప్పులు బోలెడు.

చిప్ కోడ్ చూడాలి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ -కె -డి ::03ఎక్స్‌ఎక్స్ కొట్టు, ఎన్విడియా లైన్‌లో కార్డు పేరుకి ముందు రెండు అక్షరాలు, ఒక నంబర్ ఉంటాయి. జీపీ106 అంటే పాస్కల్, అది 1060. నీది జీపీ108 అని వస్తుంది. జీఎం అంటే మాక్స్‌వెల్, 750 టీఐ, 900 సిరీస్. టీయూ అంటే ట్యూరింగ్, జీఏ అంటే ఆంపియర్, ఏడీ అంటే ఏడా. టీయూ నుంచి పైకి ఉంటే హాయిగా వై కొట్టు. జీపీ, జీఎం అయితే ఆగు. అదే అవుట్‌పుట్‌లో కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఇప్పుడు ఏ డ్రైవర్ నడుస్తుందో కూడా చూపిస్తుంది.

నీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా ఉంటుంది కాబట్టి స్క్రీన్ మొత్తం పోయే అవకాశం తక్కువ. కానీ ఎన్విడియా మీద నడిపే ప్రోగ్రాములు పనిచెయ్యవు.

పెంగ్విన్_పిల్ల · డిసెంబర్ 22

జీపీ108ఎం అనే వచ్చిందండీ. ఆగుతున్నా. చాలా థ్యాంక్స్.

గోదారిగట్టు · డిసెంబర్ 22, రాత్రి

కాకా బాగా అర్థమైంది. మరి ఎన్ కొట్టేస్తే సరిపోదా? లేకపోతే పాక్‌మ్యాన్.కాన్ఫ్‌లో ఇగ్నోర్‌పీకేజీ లైన్‌లో ఎన్విడియా అని రాసేస్తే ఇంక అడగదు కదా, ఇప్పుడున్న పాత 580 డ్రైవర్ మీదే ఉండిపోతా. నాకు కొత్త ఫీచర్లేం అక్కర్లేదు, ఉన్నది నడిస్తే చాలు.

టక్స్_ఓరుగల్లు · డిసెంబర్ 22, రాత్రి

అన్నా ఎన్ కొడితే ఏమైతదో చెప్తా. ఎన్విడియా ప్యాకేజీకి ఎన్విడియా-యుటిల్స్ ఎగ్జాక్ట్ అదే వెర్షన్ కావాలె, అట్ల డిపెండెన్సీ రాసి ఉంటది. నువ్వు ఎన్ అన్నవ్, ఎన్విడియా 580 మీదనే ఉన్నది, కానీ యుటిల్స్ 590కి పోతా అంటది. గప్పుడు పాక్‌మ్యాన్ డిపెండెన్సీ విరుగుతుందని చెప్పి మొత్తం ట్రాన్సాక్షనే ఆపేస్తది, ఒక్క ప్యాకేజీ కూడా అప్‌డేట్ కాదు. ఒకరకంగ అది నీ మంచికే, ఏదీ సగం సగం కాలేదు.

ఇగ ఇగ్నోర్‌పీకేజీ సంగతి. ఎన్విడియా, యుటిల్స్ రెండిట్నీ అండ్ల రాస్తే "ఇగ్నోరింగ్ ప్యాకేజ్ రీప్లేస్‌మెంట్" అని వార్నింగ్ ఇచ్చి ముంగటికి పోతది. మిగతావన్నీ అప్‌డేట్ అయితయ్, అండ్ల కెర్నల్ కూడ ఉంటది. అసలు తిప్పలు గక్కడ. నీ దగ్గరున్న ఎన్విడియా ప్యాకేజీ డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ని నీ మెషీన్‌లనే మళ్ళీ కంపైల్ చేసేది) కాదు, ఫలానా కెర్నల్ వెర్షన్ కోసమే ముందే కంపైల్ చేసిచ్చిన మాడ్యూల్ అది. కెర్నల్ మారిందంటే ఆ మాడ్యూల్ లోడ్ కాదు. సరే కెర్నల్‌ని కూడ ఇగ్నోర్‌ల పెడతా అంటవ్, హెడర్స్ కూడ పెడతవ్, తర్వాత ఇంకోటి. అట్ల పోతే కొన్ని రోజులకి నీ సిస్టమ్‌ల సగం పాతవి సగం కొత్తవి ఉంటయ్. ఆర్చ్‌ల పార్షియల్ అప్‌గ్రేడ్‌కి సపోర్ట్ లేదని వాళ్ళు ముందునుంచీ చెప్తనే ఉన్నరు. ఇగ్నోర్ అనేది రెండ్రోజులు ఊపిరి పీల్చుకునేటందుకే, గండ్ల కాపురం పెట్టొద్దు.

ఇంకొకటి, నువ్వు కంట్రోల్-సీ కొట్టినవ్ కదా, అప్పటికే -ఎస్‌వైయుల ఉన్న 'వై' అక్షరం చేసే పని అయిపోయింది, అంటే డేటాబేస్ కొత్తదైంది. ఇప్పుడు పాక్‌మ్యాన్ -ఎస్ తోటి ఏదన్న ఒక్కటి ఇన్‌స్టాల్ చేస్తే కొత్త వెర్షనే వస్తది, నీ కెర్నల్ హెడర్స్ కూడ అంతే. కాబట్టి ముక్కలు ముక్కలుగ చెయ్యకు, చేస్తే ఒక్కసారే పూర్తిగ చెయ్.

సర్వర్_సుబ్బులు · డిసెంబర్ 23, ఉదయం

నేను సర్వర్ల వైపు పని చేస్తాను, గ్రాఫిక్స్ నాకు అంతగా తెలీదు గానీ ఈ రీప్లేస్ వెనక ఏముందో చెప్తా, కొత్తవాళ్ళకి పనికొస్తుంది. ప్యాకేజీ తయారుచేసే పీకేజీబిల్డ్ ఫైల్లో మూడు లైన్లు ఉంటాయి. ప్రొవైడ్స్ అంటే "ఫలానాది అడిగినవాళ్ళకి నేనున్నా" అని. కాన్‌ఫ్లిక్ట్స్ అంటే "ఫలానాదీ నేనూ ఒకే సిస్టమ్‌లో ఉండలేం" అని. రీప్లేసెస్ అంటే "ఫలానాది ఉంటే దాన్ని తీసేసి నన్ను పెట్టు" అని. ఈ మూడోది సిస్టమ్ అప్‌గ్రేడ్ అప్పుడు మాత్రమే పనిచేస్తుంది, విడిగా ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు పాక్‌మ్యాన్ దాన్ని చూడను కూడా చూడదు. ఏయూఆర్‌లో, అంటే యూజర్లే ప్యాకేజీ స్క్రిప్టులు పెట్టే చోట, ఎవరైనా రీప్లేసెస్ రాసినా ఉపయోగం లేదు, ఎందుకంటే అది రిపో డేటాబేస్‌లో ఉండదు.

డిఫాల్ట్ జవాబు కూడా గమనించండి. రీప్లేస్ ప్రశ్నకి ఖాళీగా ఎంటర్ కొడితే వై. కాన్‌ఫ్లిక్ట్ ప్రశ్నకి, అదే "ఫలానాదీ ఫలానాదీ కుదరవు, పాతది తీసెయ్యనా" అన్నదానికి, ఖాళీగా ఎంటర్ కొడితే ఎన్. స్క్రిప్టుల్లో నోకన్ఫర్మ్ (ప్రశ్నలు అడక్కుండా డిఫాల్ట్ జవాబే తీసుకునే ఆప్షన్) పెట్టినవాళ్ళకి రీప్లేస్‌లన్నీ అడక్కుండా అయిపోతాయి, కాన్‌ఫ్లిక్ట్ దగ్గర మాత్రం ఫెయిలై ఆగుతుంది. క్రాన్‌లో, అంటే టైమ్ ప్రకారం దానంతటదే నడిచేలా, నోకన్ఫర్మ్‌తో అప్‌గ్రేడ్ పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఇక్కడుంటే దయచేసి ఇవాళే తీసెయ్యండి.

ప్రశ్న రావడం నిజానికి మంచిదే. అసలు ప్రశ్నే రాని కేసు ఇంకా ఇబ్బంది. రెడిస్ అనే డేటాబేస్ చూడండి, 2024 మార్చిలో లైసెన్స్ మార్చారు, దాని నుంచి వాల్కీ పుట్టింది. 2025 ఏప్రిల్‌లో ఆర్చ్ వాళ్ళు ఎక్స్‌ట్రా రిపోలో రెడిస్ బదులు వాల్కీ ఉంటుందని, సుమారు 14 రోజులు గడువిచ్చి తర్వాత రెడిస్‌ని ఏయూఆర్‌కి పంపేస్తామని ప్రకటించారు. వార్త చూడనివాళ్ళకి ఏం తెలుస్తుంది? రిపోలోంచి వెళ్ళిపోయిన ప్యాకేజీ గురించి పాక్‌మ్యాన్ అప్‌గ్రేడ్‌లో నోరెత్తదు. రెడిస్ పాత వెర్షన్‌లో అలాగే నడుస్తూ ఉంటుంది, సెక్యూరిటీ ఫిక్సులు రావు. పాక్‌మ్యాన్ -క్యూఎం అని కొడితే ఏ రిపోలోనూ లేని ప్యాకేజీల లిస్టు ఇస్తుంది, అప్పుడప్పుడు చూస్తుంటే ఇలాంటివి బయటపడతాయి.

మారేటప్పుడు కూడా ప్యాకేజీ మారితే పని అయిపోయినట్టు కాదు. సెట్టింగులు ఈటీసీ/రెడిస్‌లో ఉంటాయి, వాల్కీ చూసేది ఈటీసీ/వాల్కీ. డేటా ఫైలు వార్/లిబ్/రెడిస్‌లో ఉంటుంది, వాల్కీ చూసేది వార్/లిబ్/వాల్కీ, అక్కడికి కాపీ చేసి ఓనర్‌ని కూడా మార్చాలి. రెడిస్ సర్వీస్ ఎనేబుల్ చేసి ఉన్నంత మాత్రాన వాల్కీ సర్వీస్ ఎనేబుల్ అవ్వదు. సిస్టమ్‌డీ ఫోల్డర్‌లో పాత సర్వీస్‌కి వేసిన లింకు ఎక్కడికీ వెళ్ళకుండా వేలాడుతూ ఉంటుంది, రీబూట్ అయ్యాక సర్వీస్ లేవదు. ఏ ప్యాకేజీ దేనితో మారినా నేను చూసేవి ఇవే, సెట్టింగులు, డేటా, సర్వీస్, తర్వాత .పాక్‌న్యూ, .పాక్‌సేవ్ ఫైళ్ళు. పాక్‌మ్యాన్-కాంట్రిబ్‌లో పాక్‌డిఫ్ అని ఉంటుంది, వాటిని పక్కపక్కన పెట్టి చూపిస్తుంది.

డాలస్_డెబియన్ · డిసెంబర్ 23

సుబ్బులు గారు చాలా బాగా రాశారు. డెబియన్ వైపు ఇదే సమస్యని వేరేలా చేస్తారు, చెప్తాను. అక్కడ కూడా రీప్లేసెస్ అనే ఫీల్డ్ ఉంది కానీ అది చూసి ఆప్ట్ (డెబియన్ ప్యాకేజీ టూల్) తనంతట తాను కొత్త ప్యాకేజీని తెచ్చిపెట్టదు. ఒక ప్యాకేజీ ఫైళ్ళని ఇంకోటి తీసుకోవచ్చని, లేదా కాన్‌ఫ్లిక్ట్స్‌తో కలిస్తే పాతదాన్ని తీసెయ్యొచ్చని చెప్పడానికే అది. పేరు మారితే పాత పేరుతోనే ఒక ఖాళీ ప్యాకేజీ చేసి కొత్తదాని మీద డిపెండెన్సీ పెడతారు, ట్రాన్సిషనల్ ప్యాకేజీ అంటారు. అప్‌గ్రేడ్ చేస్తే పాత పేరు ద్వారా కొత్తది వచ్చేస్తుంది, తర్వాత ఆ ఖాళీదాన్ని తీసేసుకోవచ్చు.

ఉత్త ఆప్ట్ అప్‌గ్రేడ్ ఉన్న ప్యాకేజీని ఎప్పుడూ తీసెయ్యదు, తీసెయ్యాల్సి వస్తే "కెప్ట్ బ్యాక్" అని పక్కన పెడుతుంది. ఫుల్-అప్‌గ్రేడ్ అయితే తీసేస్తుంది. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13కి మారినవాళ్ళు ఇది బాగా చూసుంటారు, ఎందుకంటే 32 బిట్ మెషీన్లలో 2038 జనవరి దాటితే టైమ్ లెక్క తప్పకుండా ఉండడానికి చాలా లైబ్రరీల పేర్లు మార్చారు, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 వెళ్ళి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 వచ్చింది. 64 బిట్‌లో కూడా పేరు అదే మారింది. అప్‌గ్రేడ్‌లో రిమూవ్ లిస్టు పొడుగ్గా కనిపించి నా ఫ్రెండ్స్ కొంతమంది భయపడి ఫోన్ చేశారు. ప్రతిదానికీ పక్కన టీ64 ఒకటి ఇన్‌స్టాల్ అవుతుందో లేదో చూసుకోండి, అవుతుంటే ముందుకెళ్ళండి అని చెప్పాను.

పేరు అదే ఉండి లోపలిది మారిపోవడం ఇంకో రకం. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ డెబ్ ప్యాకేజీ అలాంటిదే, ఆ పేరుతో ఇన్‌స్టాల్ చేస్తే స్నాప్ (ఉబుంటు వాళ్ళ వేరే రకం ప్యాకేజీ) వస్తుంది. డెబ్‌గానే కావాలంటే మొజిల్లా వాళ్ళ సొంత ఆప్ట్ రిపో పెట్టుకుని దానికి ప్రయారిటీ 1000 ఇవ్వాలి, లేకపోతే తర్వాతి అప్‌గ్రేడ్‌లో మళ్ళీ ఉబుంటుదే వచ్చి కూర్చుంటుంది.

ఫెడోరా_సత్తి · డిసెంబర్ 23

ఫెడోరాలో అయితే ఆర్‌పీఎం ప్యాకేజీల్లో అబ్సొలీట్స్ అని ఉంటుంది, విడిగా ప్రశ్న అడగదు, అక్కడి ప్యాకేజీ టూల్ డీఎన్‌ఎఫ్ చూపించే లిస్టులో కొత్త ప్యాకేజీ కింద "రీప్లేసింగ్" అని చిన్న లైన్ ఉంటుంది అంతే. ఫెడోరా 40లో డబ్ల్యుగెట్ పోయి డబ్ల్యుగెట్2 వచ్చింది, 41లో రెడిస్ పోయి వాల్కీ. లిస్టు పెద్దదైతే ఆ లైన్ కంటికి ఆనదు. నేనైతే వై కొట్టేముందు పైకి స్క్రోల్ చేసి "రీప్లేసింగ్" అన్న మాట వెతుక్కుంటా. ఏదైనా తేడా వస్తే డీఎన్‌ఎఫ్ హిస్టరీ అన్‌డూ ఉంది.

బెజవాడ_బాష్ · డిసెంబర్ 23

అందరివీ చదివాక నాకో డౌట్. పాస్కల్ కార్డున్న వాళ్ళ స్క్రీన్ పోతుందని ఆర్చ్ వాళ్ళకి ముందే తెలుసు, వార్తలో వాళ్ళే రాశారు. తెలిసి కూడా రీప్లేసెస్ పెట్టి, డిఫాల్ట్ వై ఉంచి ఎలా వదిలారు? రెడిస్‌కి చేసినట్టు పాత ప్యాకేజీని ఏయూఆర్‌కి పంపేసి, ఎవరికి కావాల్సింది వాళ్ళని ఎంచుకోనిస్తే పోయేది కదా.

టక్స్_ఓరుగల్లు · డిసెంబర్ 23

నేను కూడ గదే అంటున్న బాష్. కనీసం ఆ ప్రశ్నల ఒక్క ముక్క చేరిస్తే ఏం పోయింది, "10 సిరీస్ అయితే వద్దు" అని. ఇంగ్లీష్‌ల వచ్చే వార్తల పేజీ అందరూ రోజూ చూడరు కదా.

కెర్నల్_కాకా · డిసెంబర్ 23

మీ బాధ న్యాయమే, కానీ రెడిస్ లెక్క ఇక్కడ పెడితే నష్టం ఇంకా ఎక్కువ అవుతుంది. రెడిస్ పాత వెర్షన్ అయినా నడుస్తుంది. కెర్నల్ మాడ్యూల్ అలా కాదు, పైన టక్స్ చెప్పాడు కదా, కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్ళీ కంపైల్ అవ్వాలి. రీప్లేసెస్ పెట్టకుండా ఎన్విడియా ప్యాకేజీని రిపోలోంచి తీసేశారనుకో, అప్పుడు దాని డిపెండెన్సీ వల్ల ట్యూరింగ్, ఆంపియర్ వాళ్ళ అప్‌గ్రేడ్‌లు కూడా ఆగిపోతాయి. బాష్ 3060కి అసలు సమస్యే లేదు, అతను కూడా చేత్తో ప్యాకేజీ మార్చుకోవాల్సి వచ్చేది. అటో ఇటో ఒకరికి పని పడుతుంది, కొత్త కార్డులవాళ్ళకి పడకుండా చూశారు.

ప్రశ్నలో ఒక ముక్క చేర్చమన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటా. పాక్‌మ్యాన్‌లో ఇప్పుడు ఆ వీలు లేదు, రీప్లేసెస్ లైన్‌లో పేరు ఉంటుంది, కావాలంటే వెర్షన్ షరతు ఉంటుంది, కారణం రాసే చోటు లేదు. పోస్ట్-అప్‌గ్రేడ్ మెసేజ్ ఇవ్వచ్చు గానీ అది అంతా అయ్యాక వస్తుంది. అందుకే వార్త ముందు కనపడేలా చేసుకోవాలి. ఏయూఆర్ ప్యాకేజీలు తెచ్చే టూల్స్ 'యే', 'పారూ' ఉన్నాయి కదా, 'యే' వాడేవాళ్ళు యే -పీడబ్ల్యు కొడితే చదవని వార్తలు టెర్మినల్‌లోనే వస్తాయి. పారూలో న్యూస్‌ఆన్‌అప్‌గ్రేడ్ అని సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేస్తే అప్‌గ్రేడ్‌కి ముందు తనే చూపిస్తుంది. ఏయూఆర్‌లో ఇన్ఫార్మెంట్ అని ఉంది, వార్త చదవకపోతే పాక్‌మ్యాన్‌నే ఆపేస్తుంది. ఇంట్లోవాళ్ళకి ఆర్చ్ పెట్టిచ్చినవాళ్ళు తప్పకుండా అది పెట్టండి.

సర్వర్_సుబ్బులు · డిసెంబర్ 23

దీనికి ఒకటి కలుపుతాను. 2025 జూన్‌లో లైనక్స్-ఫర్మ్‌వేర్‌ని కంపెనీలవారీగా చిన్న ప్యాకేజీలుగా విడగొట్టారు, లైనక్స్-ఫర్మ్‌వేర్ అన్నది ఇప్పుడు మిగతావాటిని లాక్కొచ్చే ఖాళీ ప్యాకేజీ. అదే టైమ్‌లో ఎన్విడియా ఫర్మ్‌వేర్ ఫోల్డర్లలో సింబాలిక్ లింకులు కూడా మారడంతో ఏడీ103, ఏడీ104 ఫోల్డర్లు "ఎగ్జిస్ట్స్ ఇన్ ఫైల్‌సిస్టమ్" అని ఎర్రర్ వచ్చేది. వార్తలో రెండే కమాండ్లు, పాక్‌మ్యాన్ -ఆర్‌డీడీతో లైనక్స్-ఫర్మ్‌వేర్ తీసెయ్యడం, వెంటనే -ఎస్‌వైయుతో పాటు లైనక్స్-ఫర్మ్‌వేర్ పెట్టడం. వార్త చూడనివాళ్ళు ఎక్కడో చదివి ఓవర్‌రైట్ ఆప్షన్‌లో స్టార్ పెట్టి మొత్తం మీద రుద్దారు. ఆ స్టార్ ఫర్మ్‌వేర్‌కి మాత్రమే కాదు, ఆ ట్రాన్సాక్షన్‌లో ఉన్న ప్రతి ప్యాకేజీకీ వర్తిస్తుంది, దయచేసి అలవాటు చేసుకోవద్దు.

గోదారిగట్టు · డిసెంబర్ 23, రాత్రి

ఇంత ఓపిగ్గా చెప్తున్నందుకు అందరికీ థ్యాంక్స్. వీడియో ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకున్నా, ఇప్పుడు చేసినా ఇబ్బంది లేదు. కాకా, ఏ వరసలో చెయ్యాలో చెప్తారా? డీకేఎంఎస్ ఎప్పుడూ వాడలేదు.

కెర్నల్_కాకా · డిసెంబర్ 23, రాత్రి

చెప్తా, నిదానంగా చెయ్యి. ముందు పాక్‌మ్యాన్ -క్యూ కొట్టి గ్రెప్‌తో ఎన్విడియా పేరున్నవి ఏమేం ఉన్నాయో చూసి కాగితం మీద రాసుకో. అందులో లైనక్స్-ఫర్మ్‌వేర్-ఎన్విడియా కూడా కనిపిస్తుంది, అది డ్రైవర్ కాదు, దాన్ని ముట్టుకోకు.

తర్వాత ఏయూఆర్ నుంచి ఎన్విడియా-580ఎక్స్‌ఎక్స్-డీకేఎంఎస్, ఎన్విడియా-580ఎక్స్‌ఎక్స్-యుటిల్స్ తెచ్చి మేక్‌పీకేజీతో కట్టి పెట్టుకో, ఇప్పుడే ఇన్‌స్టాల్ చెయ్యకు. స్టీమ్ ఉంటే లిబ్32-ఎన్విడియా-580ఎక్స్‌ఎక్స్-యుటిల్స్ కూడా కావాలి, అది మర్చిపోతే గేములు లేవవు. అన్నీ రెడీగా ఉన్నాక కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 కొట్టి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్ళి లాగిన్ అవ్వు. అక్కడ పాత ఎన్విడియా, ఎన్విడియా-యుటిల్స్, లిబ్32 ఉంటే అదీ, -ఆర్‌డీడీతో తీసెయ్. డిపెండెన్సీ చూడకుండా తీసేస్తుంది కాబట్టి పేర్లు ఒకటికి రెండుసార్లు చూసుకో. మెమరీలో లోడైన మాడ్యూల్ అలాగే ఉంటుంది గనక స్క్రీన్ అప్పటికప్పుడు ఏం పోదు, కానీ పని పూర్తయ్యేదాకా రీబూట్ చెయ్యకు.

వెంటనే పాక్‌మ్యాన్ -ఎస్‌వైయు లైనక్స్-హెడర్స్ అని కొట్టు, మొత్తం సిస్టమ్, కెర్నల్, హెడర్స్ ఒకేసారి ఒకే వెర్షన్‌కి వస్తాయి. ఇప్పుడు రీప్లేస్ ప్రశ్న రాదు, తీసెయ్యడానికి ఎన్విడియా లేదు కదా. మధ్యలో వల్కన్ (గ్రాఫిక్స్ ప్రోగ్రాములు వాడే ఇంటర్‌ఫేస్) డ్రైవర్ ప్రొవైడర్ ఎంచుకోమని అడిగితే మాత్రం గుడ్డిగా ఎంటర్ కొట్టకు, ఎన్విడియా-యుటిల్స్ 590 మళ్ళీ లోపలికి వచ్చేస్తుంది. అది పూర్తయ్యాక కట్టి పెట్టుకున్న ప్యాకేజీలన్నిటినీ ఒకే పాక్‌మ్యాన్ -యు కమాండ్‌తో పెట్టు. డీకేఎంఎస్ అప్పుడు కొత్త కెర్నల్ కోసం మాడ్యూల్ కంపైల్ చేస్తుంది, కాస్త టైమ్ పడుతుంది. డీకేఎంఎస్ స్టేటస్ కొట్టి నీ కొత్త కెర్నల్ వెర్షన్ పక్కన "ఇన్‌స్టాల్డ్" అని ఉందో లేదో చూడు. బూట్ ఇమేజ్ సెట్టింగుల ఫైలు ఎంకేఇనిట్‌సీపీఐఓ.కాన్ఫ్‌లో ఎన్విడియా మాడ్యూల్స్ రాసుకుని ఉంటే ఎంకేఇనిట్‌సీపీఐఓ -పి ఒకసారి నడుపు. అప్పుడు రీబూట్.

ఇకముందు ఏయూఆర్ ప్యాకేజీ కాబట్టి పాక్‌మ్యాన్ దాన్ని అప్‌డేట్ చెయ్యదు, నువ్వే చూసుకోవాలి. 580 బ్రాంచ్‌కి కొత్త ఫీచర్లు రావు, ఈ పాత కార్డులకి 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ ఫిక్సులు ఇస్తామని ఎన్విడియా చెప్పింది.

గోదారిగట్టు · డిసెంబర్ 24, మధ్యాహ్నం

అయింది కాకా! ప్రొవైడర్ ప్రశ్న వచ్చింది, లిస్టులో మొదటిదే ఎన్విడియా-యుటిల్స్, మీరు చెప్పకపోతే ఎంటర్ కొట్టేసేవాణ్ణే. వల్కన్-ఎస్‌డబ్ల్యురాస్టో ఏదో కనిపిస్తే ఏది కొట్టాలో తేలక క్యాన్సిల్ చేసి, -యులో పెట్టాల్సిన యుటిల్స్‌ని ముందు పెట్టేసి మళ్ళీ -ఎస్‌వైయు నడిపా, ఇంక అడగలేదు. తర్వాత డీకేఎంఎస్‌ది పెట్టా. డీకేఎంఎస్ స్టేటస్‌లో ఇన్‌స్టాల్డ్ అని వచ్చింది, ఎన్విడియా-ఎస్‌ఎంఐలో 580 చూపిస్తోంది, ప్లాస్మా, కెడెన్‌లైవ్ రెండూ బాగున్నాయి.

కెర్నల్_కాకా · డిసెంబర్ 24

శభాష్. యుటిల్స్ ముందు పెట్టడం నేను చెప్పినదానికన్నా మంచి వరస. ఏయూఆర్ యుటిల్స్‌లో ప్రొవైడ్స్ ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్నే రాదు. మిగతావాళ్ళు అలాగే చెయ్యండి.

ల్యాబ్_మాస్టారు · డిసెంబర్ 26

నమస్కారం అండీ. మా కాలేజీ ల్యాబ్‌లో కొన్ని మెషీన్లలో జీటీఎక్స్ 750 టీఐ కార్డులు. సెలవులకి ముందు ఎవరో అప్‌డేట్ చేసి వెళ్ళారు, ఇప్పుడు బూట్ మెసేజీలు వచ్చి లాగిన్ స్క్రీన్ రాకుండా నల్లగా ఉంటోంది. ఈ థ్రెడ్ మొత్తం చదివాను, కానీ మావి ఇప్పటికే మారిపోయాయి. మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యాల్సిందేనా? మాది ఎల్‌టీఎస్ (లాంగ్ టర్మ్ సపోర్ట్) కెర్నల్.

టక్స్_ఓరుగల్లు · డిసెంబర్ 26

మాస్టారూ, మళ్ళీ ఇన్‌స్టాల్ అక్కర్లేదు, సిస్టమ్ మొత్తం మంచిగనే ఉన్నది, డ్రైవర్ ఒక్కటే కార్డుకి కుదర్తలేదు. 750 టీఐ మాక్స్‌వెల్, జీఎం107. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 కొడితే కన్సోల్ వస్తది. రాకుంటే బూట్ మెనూల ఆ లైన్ ఎడిట్ చేసి చివర్ల సిస్టమ్‌డీ.యూనిట్=మల్టీ-యూజర్.టార్గెట్ అని రాసి బూట్ చెయ్యండి, గ్రాఫిక్స్ లేకుండ లాగిన్ వస్తది. జర్నల్‌సీటీఎల్ -బి -కె ల చూస్తే ఈ కార్డుల జీఎస్‌పీ లేదు, ఓపెన్ మాడ్యూల్‌కి సపోర్ట్ లేదు అని రాసి ఉంటది, అది ఉంటే రోగం ఇదే అని ఖాయం. వార్/లాగ్/పాక్‌మ్యాన్.లాగ్ ల ఏ రోజు ఏది పోయి ఏది వచ్చిందో కూడ కనపడ్తది.

ఇగ అక్కడికెళ్ళి ఎన్విడియా-ఎల్‌టీఎస్-ఓపెన్, ఎన్విడియా-యుటిల్స్ -ఆర్‌డీడీతోటి తీసెయ్యండి, 580ఎక్స్‌ఎక్స్ యుటిల్స్ పెట్టండి, తర్వాత డీకేఎంఎస్‌ది. హెడర్స్ మాత్రం లైనక్స్-ఎల్‌టీఎస్-హెడర్స్ పెట్టాలె. ఉత్త లైనక్స్-హెడర్స్ పెడితే మీ కెర్నల్‌కి మాడ్యూల్ కంపైల్ కాదు.

ల్యాబ్_మాస్టారు · డిసెంబర్ 26

ఒక మెషీన్ వచ్చింది బాబూ! జర్నల్‌లో మీరన్న జీఎస్‌పీ మెసేజే ఉంది. మిగతావాటిలో ఒక్కోదాంట్లో మళ్ళీ కంపైల్ చెయ్యాలా, లేక ఇందులో కట్టిన ప్యాకేజీ ఫైళ్ళే పట్టుకెళ్ళొచ్చా?

టక్స్_ఓరుగల్లు · డిసెంబర్ 26

ఆ ఫైళ్ళే పెన్‌డ్రైవ్‌ల పట్టుకపోండి మాస్టారూ, .పీకేజీ.టార్.జెడ్‌ఎస్‌టీ అని ఉంటయ్, పాక్‌మ్యాన్ -యు తోటి పెట్టండి. కెర్నల్ మాడ్యూల్‌ని ఏ మెషీన్‌కి ఆ మెషీన్‌లనే డీకేఎంఎస్ కంపైల్ చేసుకుంటది, దానికి హెడర్స్ ఒక్కటి ప్రతిదాంట్ల ఉండాలె. పెట్టేముందు అన్నిట్లనూ -ఎస్‌వైయు పూర్తిగ కొట్టుర్రి, అప్పుడు అన్నీ ఒకే కెర్నల్ మీద ఉంటయ్.